కడుపులోని తుప్పు



1972లో నేను గుమాస్తాగా చేరిన ఏడాదే సోమలలో మా పెదనాన్న మంచాన పడ్డాడు. ఏళ్ళ తరబడి కడుపులో మంట ఉన్నా సోడా ఉప్పు నీళ్ళతో సరిపెట్టుకున్నాడు. సంగటి ముద్ద దిగనప్పుడు వేలూరు తీసుకుపోయినాము. క్యాన్సరు ముదిరిందన్నారు. "నొసటి రాత రా నాయనా" అన్నాడాయన. ఆ రాత ఎట్లా పడుతుందో రిటైరైన తర్వాత చదివి తెలుసుకున్నాను.

1881లో వియన్నాలో బిల్రోత్ అనే సర్జన్ క్యాన్సరు సోకిన కడుపు భాగాన్ని కోసి తీశాడు. ఆపరేషన్ సఫలమైంది గాని రోగి కొన్ని నెలలే బతికింది. కోయడం తెలిసింది, కారణం తెలియలేదు.

కడుపులోని ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని అందరూ నమ్మేవారు. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో వారెన్, మార్షల్ అనే డాక్టర్లు హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమిని కడుపు పొరనుంచి తీసి పెంచారు. 1984లో మార్షల్ ఆ క్రిమిని తానే తాగి కడుపు వాపు తెచ్చుకున్నాడు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ దానిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

మరి క్రిమికీ క్యాన్సరుకూ లంకె ఏమిటి? క్రిమిని చంపడానికి వచ్చిన తెల్లకణాలు ఆక్సిజన్‌నుంచి పుట్టే ఘాటైన పదార్థాలను వదులుతాయి. క్రిమి చావదు, పోరు ఏళ్ళ తరబడి సాగుతుంది. ఆ ఘాటు మన కణాలనే తినేస్తుంది, ఇనుప బీరువాకు తుప్పు పట్టినట్లు. దీనికి 'ఆక్సిడేటివ్ స్ట్రెస్' అనే పేరును 1985లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్ముట్ సీస్ వాడుకలోకి తెచ్చాడు. కణంలోని డి.ఎన్.ఏ. ఒక రిజిస్టరు వంటిది. అందులో ఒక్క అంకె తప్పు పడితే తర్వాతి నకళ్ళన్నిటికీ ఆ తప్పే ఎక్కుతుంది. మనలో ఆ పని చేసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

తుప్పును అడ్డుకునే కాపలా కూడా ఉంది. కడుపు రసంలోని విటమిన్ సి అటువంటిదే. క్రిమి సోకితే అది తగ్గిపోతుంది. ఉప్పు ఎక్కువైన ఊరగాయలు, బీడీ, సిగరెట్టు హానిని పెంచుతాయి. అట్లాగని మాత్రలు మింగితే చాలదు. చైనాలోని లిన్‌షియన్‌లో బీటా కెరోటిన్, విటమిన్ ఇ, సెలీనియం కలిపి ఇచ్చినవారిలో ఉదర క్యాన్సర్ మరణాలు సుమారు 20 శాతం తగ్గాయని 1993లో తేలింది. మరుసటి ఏడాదే ఫిన్లాండులో బీటా కెరోటిన్ మింగిన పొగతాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు పెరిగింది. మన పెరట్లోని జామ, ఉసిరి, ఆకుకూరలే మేలు.

క్రిమి సోకినవారిలో చాలామందికి క్యాన్సరు రాదు, భయపడనక్కరలేదు. కాని మంట వారాల తరబడి తగ్గకపోయినా, ఆకలి చచ్చి బరువు తగ్గినా, మలం నల్లగా వచ్చినా "గ్యాసులే" అనుకోవద్దు. ఎండోస్కోపీ చేస్తే సంగతి తెలుస్తుంది. క్రిమి ఉంటే రెండు వారాల మందులతో సాధారణంగా పోతుంది.

మా పెదనాన్న కాలంలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. మనకు తెలుసు. తెలిసి ఊరుకుంటే అది నొసటి రాత కాదు, మన అశ్రద్ధ.