పచ్చకన్ను ముందు బళ్ళారి

1952 డిసెంబరు 19, శుక్రవారం రాత్రి. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్ష చేసిన పొట్టి శ్రీరాములు మద్రాసులో ప్రాణం విడిచి నాలుగు రోజులైంది. ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ పార్లమెంటులో చెప్పారట! నిజమో కాదో తేలాలంటే ఆలిండియా రేడియో వినాలి. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి రేడియో పెట్టుకున్న ఇళ్ళు బళ్ళారిలో కొన్నే. అలాంటి ఓ ఇంటి వసారా ఆ రాత్రి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకుందాం.

"ఏమప్పా, ఇంగా పలకదే?"

"తాళు మామా. వాల్వులు కాగల్ల గదా!"

స్విచ్చు తిప్పగానే మాట్లాడే రకం కాదది. ఇంగ్లండు సరుకు, లోపల ముల్లార్డ్ వాల్వులు. వెనకట్ట సందులోంచి చూస్తే ముందు ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. ఆ వేడికి క్యాథోడు మీంచి ఎలక్ట్రాన్లు లేచి, గాలి తీసేసిన గాజుబుడ్డిలో ప్లేటు వైపు ఉరుకుతాయి. దారిలో అడ్డంగా ఉండే గ్రిడ్డు కాలువ తూము లాంటిది. తలుపు కాస్త కదిపితే చాలు, ప్రవాహం ఎంతో మారిపోతుంది. ఏరియల్‌కు తగిలిన బక్క తరంగం వసారా అంతా వినిపించేది ఈ కిటుకుతోనే. 1904లో లండన్‌లో ఫ్లెమింగ్ చేసిన తొలి వాల్వుకు గ్రిడ్డు లేదు. దాన్ని తర్వాత చేర్చింది అమెరికా వాడైన డి ఫారెస్ట్. 1920లలో బ్రిటన్‌లో మార్కోని కంపెనీ ఒక్కో వాల్వు సాకెట్టుకు 12 షిల్లింగుల 6 పెన్సుల రాయల్టీ గుంజేది. తక్కువ వాల్వులతో ఎక్కువ పని చేయించే పొదుపు అక్కడి వాళ్ళకు ఊరికే అబ్బలేదు!

స్టేషను కుదిరిందో లేదో చూపే పచ్చకన్ను సెట్టు ముందు వెలిగింది. నాబ్ తిప్పుతుంటే అందులోని నీడ సన్నబడింది. స్టేషను కుదిరినట్టే. గరగరల మధ్య వార్త: ఆంధ్ర రాష్ట్రం వస్తుంది, మద్రాసు నగరం లేకుండా, వివాదం లేని తెలుగు ప్రాంతాలతో.

"వివాదం లేనివంటే? మన బళ్ళారో?"

దానికి జవాబు మరుసటి ఏడాది వచ్చింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు దక్కాయి. బళ్ళారి తాలూకా సంగతి చూసిన జస్టిస్ మిశ్రా కమిషన్ మైసూరు రాష్ట్రం వైపే మొగ్గింది. 1953 అక్టోబరు 1న అక్కడ ఆంధ్ర రాష్ట్రం పుట్టింది, ఇక్కడ బళ్ళారి మైసూరులో కలిసింది.

మీ అటకమీద అలాంటి సెట్టుంటే తూకానికి అమ్మేయకండి. అలాగని నేరుగా ప్లగ్గులోనూ పెట్టకండి. వాల్వులు బతికే ఉండొచ్చు గానీ, లోపలి కాగితపు కండెన్సర్లు ఈపాటికి చెడి ఉంటాయి. ముందు తెలిసిన మెకానిక్కుకు చూపించండి.