పలుకని సిమ్ము: ఉప్పుగాలి ఊరి మరమ్మతు చరిత్ర

కొత్తపట్నము పేరు వినినంతనే, స్వాతంత్ర్యోద్యమ చరిత్ర నెఱిగినవారికి 1937 నాటి వేసవి రాజకీయ పాఠశాలయు, దానిపై సర్కారు విధించిన నిషేధమును స్మృతికి వచ్చుట సహజము. ఒంగోలునకు తూర్పున సుమారు పదిమైళ్ల దూరమున సముద్రపుటొడ్డున నున్న యీ పాత రేవును గూర్చి నేను చెప్పబూనినది మాత్రము అంత గంభీరమైనది కాదు. జేబులోని ఫోను తన కడుపులోనే యున్న సిమ్ముకార్డును గుర్తింపక మొండికేసినపుడు దానిని దారికి తెచ్చు పని యెట్లు పుట్టినది, ఎట్లు మారినది అనునంతవరకే నా కథ. ముప్పదియేండ్ల ముచ్చటను చరిత్ర యనుటకు పెద్దలు సమ్మతింపకపోవచ్చును. కాని యింత కొద్దికాలములో పుట్టి, రూపములు మార్చి, అప్పుడే క్షీణించుటకు సిద్ధమగుచున్న వృత్తిని గూర్చి, దాని నెఱిగినవారు బ్రతికియున్నపుడే వ్రాసికొనుట మేలని నా తలంపు.

తీగఫోను కాలమున నంబరు మనిషిది కాదు, ఇంటిది. లోపము స్తంభము మీద నున్నను, ఎక్స్ఛేంజిలో నున్నను, అది సర్కారు సొత్తునకు కలిగిన లోపమే. ఫిర్యాదు వ్రాయించి లైన్‌మన్ రాకకై యెదురుచూచుట తప్ప చందాదారుడు చేయగలిగినది లేకుండెను. ఇంట ఫోను లేనివాడు పసుపుపచ్చని పలక వ్రేలాడు ఎస్టీడీ బూతునకు పోయి, గోడమీది మీటరును భయభయముగా చూచుచు మాటాడి వచ్చెడివాడు. 1991లో జర్మనీలోని మ్యూనిక్ నగరపు గీజెకె అండ్ డెవ్రియెంట్ సంస్థ తొలి సిమ్ముకార్డులను చేసి, ఫిన్లాండు దేశపు రేడియోలింజా కంపెనీకి మూడువందలు విక్రయించుటతో ఈ యేర్పాటు తలక్రిందులాయెను. నంబరు ఇంటిని వీడి, పరికరమును సైతము వీడి, బ్యాంకుకార్డంతటి పలక మీద అతికిన చిన్న చిప్పులోనికి వచ్చి కూర్చుండెను. పరికరము వేరు, మనిషి గుర్తింపు వేరు అయిన ఆనాడే, ఆ రెంటికి పొత్తు కుదరకపోవుట యను క్రొత్త వ్యాధియు జన్మించినది. దీనికి మందు లైన్‌మన్ సంచిలో లేదు.

మన దేశమున తొలి సెల్లు సంభాషణ 1995 జూలై 31న కలకత్తానుండి నాటి పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖరామునితో జరిపినది. పిదప కొలది కాలమునకే ఆంధ్రప్రదేశమున టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్ అను కంపెనీలు సేవ ప్రారంభించెను గాని, రద్దీవేళ నిమిషమునకు 16 రూపాయల 80 పైసల వరకు వసూలు చేయుచు, వచ్చిన పిలుపునకు సైతము రుసుము గైకొను ఆ వస్తువు మిరప వ్యాపారుల, ప్రత్తి వ్యాపారుల బల్లల మీద వెలసినదే కాని పల్లెపాలెముల దాక రాలేదు. 2003లో వచ్చు పిలుపులకు రుసుము తొలగిన తరువాతనే అది సామాన్యుని జేబును చేరినది. ఆ యేడే రిలయన్సు వారు 501 రూపాయలు ముందుగా కట్టినవారికి ఫోను నిచ్చిరి. ఆ సీడీఎంఏ ఫోనులలో అసలు సిమ్మే లేదు, నంబరు ఫోనులోనే పాతుకొని యుండును. సిమ్ము చెడుట యను బెడద ఎఱుగని ఆ ఫోను చెడిన నాడు మాత్రము నంబరును దానితోనే మూలబడును.

ఇక మరమ్మతు బల్ల వద్దకు వత్తము. వేట ముగించి వచ్చిన పెద్దవయసు మత్స్యకారుడు పాలిథిన్ సంచిలో చుట్టిన ఫోనును బల్లమీద పెట్టి సిగ్నలు లేదనగానే, దుకాణములోని కుఱ్ఱవాడు దానిని విప్పడు. “ముందు నీ సిమ్ము ఈ ఫోన్లో ఏసి చూద్దాం బాబాయ్” అనును. శాస్త్రమంతయు ఈ యొక్క మాటలోనే యున్నది. వేరొక ఫోనులో కార్డు పలికినచో దోషము పాతఫోనుది. ఎక్కడను పలుకనిచో దోషము కార్డుది. పరికరమును గుర్తింపును 1991లో వేరుచేసినందువలననే ఈ పరీక్ష సాధ్యమైనది.

కార్డు పలుకుట యనగా నేమి? ఫోను మేల్కొనగానే కార్డు మీది బంగారుపూత పలకలకు కొద్దిపాటి విద్యుత్తు నిచ్చి, ఒక రీసెట్ సంకేతము పంపును. కార్డు తానెవరో తెలుపు కొన్ని అక్షరములను వెంటనే బదులు చెప్పవలెను. ఆ బదులు రానిచో తెరమీద “సిమ్ లేదు” అను మాట వెలయును. కార్డు నిజముగా లేకపోయినను, ఉండియు నోరు మెదపకపోయినను ఫోనునకు రెండును నొక్కటే. కొత్తపట్నము వంటి తీరమున నోరు మెదపకపోవుటకు తఱచైన కారణము ఉప్పు. బంగారుపూత అతిపలుచనిది, దాని సూక్ష్మరంధ్రములగుండ ఉప్పుచెమ్మ లోపలికి దిగి, అడుగునున్న రాగిని తినివేయును. ఫోనులోని స్ప్రింగు పిన్నుల మీద పచ్చని చిలుము పేరుకొనును. మెత్తని బ్రష్షును ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచి పిన్నుల తుడిచి, కార్డును పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, బాగుగ ఆరనిచ్చి మరల పెట్టిన, ఫోను స్వస్థత పొందుట కలదు. అప్పటికిని పలుకనిచో వంగిన పిన్నును సూదితో లేపుట, అదియు కాకున్న భూతద్దము క్రింద తెగిన గీతకు జంపరు వేయుట. రబ్బరుతో ఎక్కువగా రుద్దినవాడు మిగిలిన బంగారమును కూడ తుడిచిపెట్టి రోగమును ముదుర్చును. ఈ సంగతి తెలిసినవాడే పనివాడని నా అభిప్రాయము.

2010 తరువాత ఈ వృత్తికి కత్తెరకాలము వచ్చినది. 25 మిల్లీమీటర్ల పొడవు, 15 వెడల్పు గల కార్డు పోయి మైక్రో, ఆపైన 2012లో 12.3 మిల్లీమీటర్ల పొడవు, 8.8 వెడల్పు గల నానో సిమ్ము వచ్చెను. కంపెనీవారి క్రొత్తకార్డునకై తిరుగుట కంటె పాతదానినే కత్తిరించుట సులువని, స్టేప్లరు వంటి సిమ్ముకట్టరు ప్రతి దుకాణమున వెలసినది. కాని నానోకార్డు మందము 0.67 మిల్లీమీటర్లు, పాతదానిది 0.76, ఈ పిసరంత తేడాయే ట్రేలో కార్డు ఇఱుకుకొనుటకును, బలవంతముగా లాగిన పిన్నులు విఱుగుటకును మూలము. తెలిసినవారు కత్తిరించిన కార్డు వీపును గరుకు కాగితముతో అరగదీయుదురు. చిప్పు అంచును కోసికొనిన కార్డు గతి మాత్రము చెప్పనక్కఱలేదు.

కార్డును మంచిదే, పిన్నులును మంచివే, ఐనను పిలుపు పోని సందర్భములు వేరు. 2009 నవంబరు ముగియగానే ఒక్కొక్క ఫోనును గుర్తించు ఐఎంఈఐ సంఖ్య లేని ఫోనులకు సేవ నిలిపివేయవలెనని కేంద్రము ఆదేశించినపుడు, చవకకు కొన్న చైనాఫోనులు రాత్రికి రాత్రి మూగవోయెను. 199 రూపాయలు తీసికొని అట్టి ఫోనునకు సంఖ్య నెక్కించు పథకము నడచినది. 2016 సెప్టెంబరులో వచ్చిన జియో సిమ్మును రెండవతరము ఫోనులో వేసి పనిచేయలేదని దుకాణమునకు వచ్చినవారికి, ఆ కంపెనీకి అప్పుడు 4జీ తప్ప వేఱు జాలము లేదని నచ్చచెప్పుట మరమ్మతు కంటె కష్టమైన పనియాయెను. 2018లో ఎయిర్‌సెల్ మూతపడగా నిక్షేపముగా నున్న కార్డులు పనికిరాని ప్లాస్టిక్కు ముక్కలైనవి. తీగఫోను దినములలో దూరమున నుండిన లోపము, కార్డు వచ్చి జనుల చేతిలోనికి దిగినది. ఇపుడు మరల దూరమున నున్న దస్తరములలోనికి మఱలిపోవుచున్నది. కార్డే లేని ఈసిమ్ము వ్యాపించినచో ఆ మఱలుట సంపూర్ణమగును. 2022లో వచ్చిన ఐఫోను 14 రకములలో అమెరికాలో అమ్మినవానికి సిమ్ముట్రే యే లేదు. ఈ తీరమున మాత్రము ఇంకను ట్రేలదే రాజ్యము.

కార్డే చచ్చిన యెడల, పిన్ను సంఖ్యను ముమ్మారు తప్పుగా నొక్కి, దానిపై తాళము విప్పు పీయూకే సంఖ్యను పదిమార్లు తప్పి శాశ్వతముగ తాళము పడిన యెడల, అదే నంబరుతో క్రొత్త సిమ్ము తీసికొనవలెను. ఒకప్పుడు క్షణములో ముగిసిన ఈ పనికి, ఇతరుల నంబరును కాజేసి బ్యాంకు ఖాతాలు ఖాళీచేయు దొంగలు పెరుగుటచే, ఇపుడు కట్టుదిట్టములు వచ్చినవి: మార్చిన సిమ్మునకు 24 గంటలపాటు ఎస్సెమ్మెస్సులు రావు, పోవు, 2024 జూలై 1 నుండి ఏడు దినములవరకు వేఱు కంపెనీకి మారుటయు లేదు. కావున క్రొత్త సిమ్మును చేతికిచ్చునపుడే దుకాణదారు, ఓటీపీతో పనిబడు బ్యాంకు వ్యవహార మేదైన నున్న ఎల్లుండికి పెట్టుకొమ్మని చెప్పి పంపుచున్నాడు.