వొడ్డున వున్న మనిషి

కృష్ణా, మూసీ కలిసే వాడపల్లికి మిర్యాలగూడ విద్యార్థులతో వొకసారి వెళ్లాను. నది చూసి అందరూ బొమ్మలు వేశారు. గుడి వచ్చింది, నీరు వచ్చింది, ఆకాశం వచ్చింది. బోర్లించిన పుట్టి పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్న మనిషి మాత్రం యే కాగితంమీదా లేడు. దోషం పిల్లలది కాదు. వారికి సంక్రమించిన చూపుది. ఆ చూపుకు వొక చరిత్ర వుంది.

మన ఆధునిక చిత్రకళకు గోదావరి వొడ్డు తొలి బడి. రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. ఆయన ప్రోత్సాహంతో దామెర్ల రామారావు (1897–1925), అడివి బాపిరాజు కుంచె పట్టారు. కళ్లెదుటి ప్రకృతిని చూసి గీయటం ఆనాటికి పెద్ద ముందడుగు. దాన్ని తక్కువ చేయరాదు. అయితే ఆ వారసత్వంలో మనం నిలుపుకున్నది నది అందాన్నే. నదిమీద బతికే శ్రమ వెనకబడిపోయింది.

మరో చూపు కరువులో పుట్టింది. 1943లో చిత్తప్రసాద్ మిడ్నపూరు పల్లెలు తిరిగి, ఆకలితో వున్న మనుషులను నల్లసిరాతో గీశాడు; వారి కథలూ రాశాడు. బ్రిటిష్ ప్రభుత్వం ఆ పుస్తకం ప్రతులను తగలబెట్టింది. అందమైన నది బొమ్మకు యే ప్రభుత్వమూ అంతగా భయపడదు! 1946లో సోమనాథ్ హోర్ రంగపూరు వెళ్లి తెభాగా రైతులను గీశాడు. అదే యేడు మన సూర్యాపేట ప్రాంతమూ పోరాటంలో వుంది. మనకు పాటలు మిగిలినన్ని బొమ్మలు మిగలలేదు.

ఆ లోటు విలువ కోదాడ దిగువన తెలుస్తుంది. 2013లో పులిచింతల ప్రాజెక్టు ప్రారంభమైంది; నిలవ సామర్థ్యం 45.77 టీఎంసీలు. చింత్రియాల, అడ్లూరు, నెమలిపురి, వెల్లటూరు ముంపు వూళ్లయినాయి. డెల్టా రైతుకు నీరు అక్కరలేదని యెవరూ అనరు. కాని నష్టపరిహారం జాబితాలో యెకరాలుంటాయి, యిళ్లుంటాయి. వల ఆరేసిన చోటు, పుట్టి కట్టిన రాయి, ఆ రాయి దగ్గర యెవరు యెక్కడ నిలబడి యే పని చేసేవారో, యివి వుండవు. వాటిని దాచగలిగేది అక్కడే కూర్చుని గీసిన బొమ్మ వొక్కటే. ఆ పని వూళ్లు మునగకముందే జరగవలసింది.

వాడపల్లిలో యింకా వ్యవధి వుంది. మళ్లీ వెళ్లినప్పుడు విద్యార్థులకు వొకే మాట చెబుతాను: ముందు ఆ మనిషి పక్కన కూర్చోండి, పేరు అడగండి, చేస్తున్న పనేమిటో తెలుసుకోండి. ఆ తరవాతే పెన్సిలు తీయండి. గుడి యెక్కడికీ పోదు.