రివాల్వరు కొయ్యపిడులు - కర్తృత్వ విచారము

తెలుగున 'పిడి' యను పదము ఆయుధమును పట్టుకొను భాగమునకును, ముడిచిన చేతికిని గూడ చెల్లును. 'పిడికిలి' దానికి చుట్టమే. అమెరికా రివాల్వరుల చరిత్రమున ఈ రెండర్థములును కొంతకాలము వేఱుపడి, మరల కలిసినవి.

1819లో మసాచుసెట్సు వాసియగు థామస్ బ్లాంచర్డ్, నమూనా ననుసరించి తుపాకిమడమలను చెక్కు యంత్రమునకు పేటెంటు పొందెను. అప్పటినుండి ఆయుధశాలలలో చేతిపని క్రమముగా తగ్గినది. ఫ్యాక్టరీ పిడుల పుట్టుక తెలిసికొనుట కష్టము కాదు. 1873 నాటి కోల్టు సైనిక రివాల్వరునకు ఒకే అక్రోటుకొయ్య తునుకతో పిడి యమర్చిరి. దానిపై పరీక్షాధికారి పొడియక్షరములు, సంవత్సరము ముద్రితములు. స్మిత్ అండ్ వెస్సన్ వారు పిడి కుడిచెక్క లోపలివైపున ఆయుధపు క్రమసంఖ్యనే వేయుచుండిరి. అది చట్రముపై సంఖ్యతో సరిపోలినచో పిడి మొదటిదే.

అయితే ఫ్యాక్టరీపిడి అందఱి చేతికిని అమరునా? ట్రిగ్గరు వెనుక చట్రమునకును నడిమివ్రేలికిని నడుమ ఖాళీ యుండుటచే, రివాల్వరు వెనుకకు తన్నినప్పుడు కాపుకమ్మి వ్రేలికణుపును గొట్టుచుండెను. 1930 తరువాతి దశకమున, యంత్రము పుట్టిన ఆ మసాచుసెట్సులోనే వాల్టర్ రోపర్ ఈ ఖాళీని పూరించి, అరచేతిని నింపు పిడులను రూపొందించెను. రూపకల్పన రోపరుది, కొయ్య చెక్కినవాడు మాత్యూ గాగ్నన్. సేకర్తల నోట మొదటి పేరే నిలిచినది. ఇది న్యాయమని నాకు తోచదు.

అంతకంటె పెద్దచిక్కు మఱియొకటి కలదు. కర్త తెలియని ప్రతి మంచి చాటుపద్యమును మనవారు శ్రీనాథుని కంటగట్టినట్లు, పేరులేని ప్రతి చక్కని పిడిని రోపరుకు అంటగట్టుట పరిపాటియైనది. ధరయు తదనుగుణముగనే పెరుగును. పై నునుపును, కొయ్య చారలను చూచి తీర్పు చెప్పరాదు; కొయ్య యెవరికైనను దొరకును. మరలు విప్పి లోపల చూడవలెను. గుండ్రని కోతగీతలు యంత్రమును, ఉలిజాడలు చేతిని తెలుపును. పిదప గళ్లచెక్కడము. రెండు వరుసల పండ్లుగల పనిముట్టుతో ఒక్కొక్క గీతను ముందటి గీత నానించి లాగుదురు. కావున మొదటి గీతలోని వెండ్రుకవాసి వంకర చివరి గడులకు పెరిగి కనబడును. దానిని పనివాడు ఏ మూల సర్దుకొనెనో, అంచుగీత దాటిన పంటిగాటు నెట్లు కప్పెనో, పేరు తెలిసిన పిడులతో పోల్చి చూడవలెను. ఈ పోలిక కుదరని పిడిని అజ్ఞాతకర్తృకమనియే వ్రాసికొనుట మేలు.