స్టూవర్టుపురం: ఎవరి పశ్చాత్తాపం?

క్రీస్తును నమ్మినవాడు గడిచిన పాపాలను తలుచుకుని కుమిలిపోనక్కర్లేదని మన ప్రార్థనా మందిరాల్లో తరచూ వింటాం. ఒంటరి మనిషికి అది పెద్ద ఓదార్పు. అయితే ఒక ఊరే ఆ నమ్మకం మీద వెలిసిన సందర్భం తెలుగునేలలో ఉంది. బాపట్ల, చీరాల మధ్య రైలుమార్గం పక్కన, మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యే కాలంలో ఎరుకలవారి కోసం రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) అనే క్రైస్తవ సంస్థ నడిపిన స్టూవర్టుపురం సెటిల్మెంటు అది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. విశ్వాసం మనిషిని అతని పశ్చాత్తాపం నుంచి విడిపించగలదు. కానీ అతని గతం ఇతరుల గుప్పిట్లో కూడా ఉంటుంది. వాళ్లు దాన్ని వదలకపోతే ఆ విడుదల సగంలోనే ఆగుతుంది. ఆ ఊరి చరిత్ర నాకు చెప్పేది ఇదే.

ఇంతకీ అక్కడివాళ్లు వదులుకోవలసిన గతం ఏమిటి? పంతొమ్మిదో శతాబ్దంలో ఎరుకలవాళ్లలో చాలామంది తీరం నుంచి ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద లోపలి ఊళ్లకు చేరవేసి ధాన్యానికి మార్చుకునేవాళ్లు. బుట్టలు అల్లేవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు ఎరుక చెప్పేవాళ్లు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం బిగిసింది, సరుకు రైలెక్కింది, అటవీ చట్టాలతో వెదురు, మేత దొరకడం కష్టమైంది, 1876-78 కరువు పశువులను మింగింది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ పతనాన్ని తన పుస్తకంలో వివరంగా చూపించారు. అలా బతుకుతెరువు పోయినవాళ్ల మీదికి చట్టం వచ్చిపడింది. ఉత్తరాదిన 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. రిజిస్టరులో పేరు, వేలిముద్ర, వేళకు హాజరు, అనుమతి లేకుండా కదిలితే శిక్ష. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడుల్లో పెట్టే అధికారం కూడా ప్రభుత్వానికి ఉండేది. ఎవరు ఏం చేశారన్నది కాదు, ఎవరికి పుట్టారన్నదే లెక్క. కొందరు నిజంగా చేసిన దొంగతనాలు, అందరి మీదా పడిన ముద్ర ఇక్కడ ఒకే గతంగా కలిసిపోయాయి.

ఈ సెటిల్మెంట్ల వెనకున్న ఫ్రెడరిక్ బూత్-టక్కర్ చిత్తశుద్ధిని నేను శంకించను. ఐసీఎస్ ఉద్యోగం వదిలేసి 1882లో బొంబాయిలో రక్షణ సైన్యం పని మొదలుపెట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్న మనిషి ఆయన. 1908లో గోరఖ్‌పూర్‌లో డోములనే కులంతో ఈ సెటిల్మెంట్ల ప్రయోగం ఆరంభమైంది. రక్షణ సైన్యం మందిరాల్లో పశ్చాత్తాపపడేవాళ్ల కోసం ముందు ఒక బల్ల ఉంటుంది. అక్కడ మోకరించి, తప్పు ఒప్పుకుని, లేచి నలుగురిలో సాక్ష్యం చెబితే పాత లెక్క ముగిసినట్టే. కానీ సెటిల్మెంటులో దేవుని క్షమాపణ ప్రకటించే సంస్థే సర్కారు తరఫున కాపలా కాసేది. అక్కడ కన్నీళ్లతో లేచినవాడు మళ్లీ హాజరు చెప్పుకోవాల్సిందే. తప్పేమీ చేయనివాడి సంగతి ఇంకా ఘోరం. పుట్టుకను తప్పుగా ఒప్పుకోమంటే ఎలా ఒప్పుకుంటాడు?

మిషనరీలు లేకపోతే వాళ్లకు మిగిలేది జైలేగా, భూమి, బడి, వైద్యం ఎవరిచ్చేవారు అని కొందరు అడుగుతారు. అందులో నిజముంది. అయితే చీరాల పొగాకు ఫ్యాక్టరీకి సెటిల్మెంటు నుంచి కూలీలు వెళ్లారన్నది కూడా నిజమే. ఇష్టమొచ్చిన చోటికి కదలలేనివాడి కూలిని ఆశకు గుర్తుగా చూపలేం. ఇంకొందరి అభ్యంతరం దీనికి ఎదురుది. అంతా వలస పాలకుల మీదికి నెట్టేస్తే నిజంగా దొంగిలించినవాడి బాధ్యత ఏమైపోతుందని. ఆ బాధ్యత పోదు, పోకూడదు కూడా. సంఘాన్ని హింసించిన తన గతాన్ని పౌలు దాచలేదు, పదేపదే చెప్పుకున్నాడు. చెప్పుకుంటూనే ముందుకు సాగాడు. ఆ పౌలే ఒనేసిము అనే బానిసను యజమాని దగ్గరికి తిరిగి పంపేటప్పుడు, అతణ్ని పశ్చాత్తాపపడమని చెప్పి ఊరుకోలేదు. యజమాని ఫిలేమోనుకు ఉత్తరం రాశాడు. బాకీ ఉంటే తన పేరున వేసుకొమ్మన్నాడు, వచ్చినవాణ్ని సోదరుడిగా చేర్చుకొమ్మన్నాడు. క్రైస్తవ నిరీక్షణకు ఈ రెండో సగం ఉంది. స్టూవర్టుపురంలో లోపించింది అదే. చుట్టుపక్కల ఊళ్లకు, పోలీసు ఠాణాలకు అలాంటి ఉత్తరం ఎవరూ రాయలేదు.

మద్రాసు రాష్ట్రం 1947లో ఆ చట్టాన్ని రద్దు చేసింది, దేశమంతటా అది 1952లో పోయింది. పేరుకంటిన మచ్చ మాత్రం పోలేదు. 1991లో ఆ ఊరి పేరుతో రెండు సినిమాలు వచ్చాయి, ఒకదాని పేరు ఏకంగా ‘స్టూవర్టుపురం దొంగలు’. ఆ మచ్చ చెరిపేందుకు 1970లలోనే అక్కడ సంస్కరణకు పూనుకున్న హేమలతా లవణం, ఆమె భర్త లవణం నాస్తికులు కదా, మరి విశ్వాసంతో పనేముందని అడిగేవారున్నారు. క్రైస్తవ కుటుంబంలో పుట్టి కులం పేరుతో అవమానాలు పడిన కవి జాషువా కూతురు హేమలత. ఆమె పని విశ్వాసం వ్యర్థమని రుజువు చేసిందని నేను అనుకోను. పశ్చాత్తాపాన్ని నేరస్థుడి దగ్గరే ఆపకుండా, ప్రభుత్వం, సమాజం కూడా వాళ్లను చూసే చూపు మార్చుకోవాలని ఆమె అడిగారు. ఫిలేమోను పత్రికను తరతరాలుగా చదువుతున్న సంఘాలు ఆ మాట అంతకు అరవై ఏళ్ల ముందే అడిగి ఉండాల్సింది.