గుత్తాధిపత్యంపై చట్టం: స్టాండర్డ్ ఆయిల్ కేసు

ఒక సరుకు మార్కెట్టు ఒకే సంస్థ చేతిలో ఉండటాన్ని గుత్తాధిపత్యం అంటారని మీరు చదివి ఉంటారు. అయితే, ఒక సంస్థ పెద్దదవడమే తప్పా? లేక అది పెద్దదైన తీరు తప్పా? ఈ ప్రశ్నకు అమెరికా చట్టం ఏ విధంగా సమాధానం చెప్పిందో ఇప్పుడు తెలుసుకుందాం.

1. ట్రస్టు ఏర్పడిన విధం

జాన్ డి. రాక్‌ఫెల్లర్, అతని భాగస్వాములు 1870లో ఒహైయో రాష్ట్రంలో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీని స్థాపించారు. ఆ కాలంలో ఇళ్ళలో దీపాలకు కిరసనాయిలే ముఖ్య ఆధారం. ఈ కంపెనీ పెద్దమొత్తంలో సరుకు పంపేది కాబట్టి రైల్వే కంపెనీలు రవాణా ఛార్జీలో కొంత భాగాన్ని రహస్యంగా దానికి తిరిగి ఇచ్చేవి. చిన్న వ్యాపారులకు ఆ రాయితీ ఉండేది కాదు. పోటీకి నిలవలేక చాలామంది తమ శుద్ధి కర్మాగారాలను స్టాండర్డ్ ఆయిల్‌కే అమ్ముకున్నారు. 1880 నాటికి దేశంలోని చమురుశుద్ధిలో దాదాపు 90 శాతం దాని అధీనంలోకి వచ్చింది. 1882లో అనేక కంపెనీల వాటాలను తొమ్మిదిమంది ట్రస్టీలకు అప్పగించారు. గుత్తాధిపత్య నిరోధక చట్టాలకు 'యాంటీట్రస్ట్' అనే పేరు ఇటువంటి ట్రస్టుల వల్లనే వచ్చింది.

2. షెర్మన్ చట్టం, 1890

ఈ చట్టంలోని మొదటి సెక్షన్ వ్యాపారాన్ని నిరోధించే ప్రతి ఒప్పందాన్నీ నిషేధించింది. రెండవది గుత్తాధిపత్యం సంపాదించడాన్ని, అందుకు ప్రయత్నించడాన్ని నేరంగా ప్రకటించింది. కానీ 'గుత్తాధిపత్యం సంపాదించడం' అంటే ఏమిటో చట్టం నిర్వచించలేదు. ఆ భారం న్యాయస్థానాలపై పడింది.

3. 1911 తీర్పు

1906లో ప్రభుత్వం స్టాండర్డ్ ఆయిల్‌పై దావా వేసింది. ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. ఆ కంపెనీ ఎదిగిన కాలంలో కిరసనాయిలు ధర పెరగలేదు, తగ్గింది. అయినా 1911 మే 15న సుప్రీంకోర్టు దానిని 34 కంపెనీలుగా విడగొట్టాలన్న ఆదేశాన్ని ఖాయపరచింది. ప్రధాన న్యాయమూర్తి ఎడ్వర్డ్ వైట్ దృష్టిలో అసలు తప్పు కంపెనీ పరిమాణం కాదు, ఇతరులను మార్కెట్టు నుంచి తరిమివేయాలన్న ఉద్దేశం, అందుకు అనుసరించిన పద్ధతులు. అసమంజసంగా వ్యాపారాన్ని నిరోధించే చర్యలనే చట్టం నిషేధిస్తుందని ఆయన వ్యాఖ్యానించాడు. న్యాయమూర్తి హార్లన్ దీనితో విభేదించాడు. చట్టంలో 'ప్రతి' అని ఉండగా 'అసమంజసమైన' అన్న మాట చేర్చడం శాసనసభ పనిని న్యాయస్థానం చేయడమేనని ఆయన వాదన. విడిపోయిన కంపెనీలన్నిటిలో పాత వాటాదారులకే వాటాలు దక్కడంతో రాక్‌ఫెల్లర్ సంపద తగ్గకపోగా పెరిగింది.

4. భారతదేశంలో ఇదే ప్రశ్న

మన దేశం మొదట పరిమాణాన్నే కొలబద్దగా తీసుకుంది. 1969 నాటి ఎం.ఆర్.టి.పి. చట్టం ప్రకారం 20 కోట్ల రూపాయలు, ఆపైన ఆస్తులున్న సంస్థలు విస్తరించాలంటే ప్రభుత్వ అనుమతి పొందాలి. 1985లో ఆ పరిమితిని 100 కోట్లకు పెంచారు, 1991లో తొలగించారు. 2002 నాటి పోటీ చట్టంలోని 4వ సెక్షన్ ఆధిపత్యాన్ని కాక, ఆధిపత్య దుర్వినియోగాన్ని నిషేధిస్తుంది. పెద్ద సంస్థపై వచ్చే ఫిర్యాదును పరిశీలించేటప్పుడు అది ఎంత పెద్దదన్న ప్రశ్నతో ఆగకూడదు. తన బలంతో అది ఎవరి దారి మూసిందో కూడా అడగాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ధర తగ్గినప్పటికీ స్టాండర్డ్ ఆయిల్‌ను విడగొట్టడం సమంజసమేనా? కారణాలతో పది వాక్యాల్లో రాయండి.