అతికించిన పేరా ఎలా దొరుకుతుంది?

గురుగ్రామ్ గురించిన వికీపీడియా పేజీలు చదువుతుంటే ఒక్కోచోట కన్ను ఆగిపోతుంది. వ్యాసమంతా గురుగ్రామ్ అనే ఉంటుంది, ఒక్క పేరాలో మాత్రం గుర్గావ్. 2016లో ఊరి పేరు మారకముందే ఇంకెక్కడో అచ్చయిన ముక్క కాబోలు అనిపిస్తుంది. ఇంకాస్త చదివితే ‘మా ప్రాజెక్టు’ అని ఉంటుంది, ‘ప్రపంచస్థాయి సౌకర్యాలు’ అని ఉంటుంది. వాక్యం చివర [3] అని ఉంటుంది గానీ కింద ఆ మూడో మూలం కనబడదు. అనుభవమున్న వాడుకరికి ఇంకేం చెప్పనక్కర్లేదు. అది ఏదో బ్రోషర్లోంచి ఎత్తి తెచ్చి అతికించిన పేరా.

ఒక్క పేరాకి ఇంత గొడవేమిటని చాలామంది అడుగుతారు. వికీపీడియా తన పాఠ్యాన్ని లోకానికంతటికీ ఉచితంగా ఇచ్చేస్తుంది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పుస్తకం వేసి అమ్ముకోవచ్చు కూడా. మూలం చెప్పి, అదే లైసెన్సుతో ఇస్తే చాలు. అలాంటి చోట పరాయివాళ్ల రచన చేరితే, మనది కాని ఆస్తిని మనం దానం చేసినట్టే. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక కూడా 60 ఏళ్లపాటు ఆ రచన మీద హక్కు వారసులకు ఉంటుంది.

2001లో వికీపీడియా మొదలైనప్పుడు కాపీని పట్టే సాధనం ఒక్కటే: అనుమానం వచ్చిన వాక్యాన్ని సెర్చింజన్లో వేసి చూడటం. పేజీలు లక్షలయ్యాక అది మనుషుల వల్ల కాని పని అయింది. 2007లో కొరెన్‌సెర్చ్‌బాట్ అనే ప్రోగ్రాం వచ్చింది. కొత్త పేజీ పుట్టగానే అందులోని మాటలతో వెబ్‌లో వెతికి, పోలిక కనబడితే జెండా ఎత్తేది. అది చూసింది కొత్త పేజీలనే. ఉన్న వ్యాసంలోకి తెచ్చి కలిపిన పేరా దాని కంట పడేది కాదు.

2010లో రెండు దెబ్బలు తగిలాయి. ఒకే వాడుకరి క్రీడాకారుల మీద వేలకొద్దీ వ్యాసాలు సృష్టించాడని, వాటిలో కాపీ ముక్కలున్నాయని తేలింది. ఏది సొంతం, ఏది ఎత్తిరాసింది అని విడదీయలేక, దాదాపు పదివేల పేజీల్లోని పాఠ్యాన్ని బాటుతో, అంటే తనంతట తానే పనిచేసే ప్రోగ్రాంతో, మూసేయాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 31న వికీపీడియా మొదటి పేజీలో ప్రదర్శించిన, గ్రేస్ షేర్‌వుడ్ అనే ఆమె మీది వ్యాసంలో మూలాల నుంచి ఎత్తిన వాక్యాలు బయటపడ్డాయి. దాని ప్రధాన రచయిత సామాన్యుడు కాదు, వాడుకరుల తగవులు తీర్చే మధ్యవర్తిత్వ సంఘంలో సభ్యుడు. ఆయన తప్పుకుని వెళ్లిపోయాడు. క్రమశిక్షణ కొత్తవాళ్లకే కాదు, పీఠం మీద ఉన్నవాళ్లకూ వర్తిస్తుందని అప్పుడు రుజువైంది.

2011లో కథ మన దేశానికొచ్చింది. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ పుణేలో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. కాలేజ్ ఆఫ్ ఇంజినీరింగ్, సింబయాసిస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వంటి చోట్ల చదివే దాదాపు వెయ్యిమంది విద్యార్థులు తరగతి పనిలో భాగంగా ఇంగ్లీషు వికీపీడియాలో రాయాలి. రాశారు. పాఠ్యపుస్తకాల నుంచి, వెబ్‌సైట్ల నుంచి పేరాలకు పేరాలు వచ్చి పడ్డాయి. తీసేస్తే మళ్లీ పెట్టినవాళ్లున్నారు. ఎక్కడెక్కడి దేశాల్లోనో ఉన్న స్వచ్ఛంద వాడుకరులు రాత్రింబవళ్లు ఏరిపారేసినా తరగలేదు. నవంబరులో ప్రయోగాన్ని ఆపేశారు.

ఆ పిల్లల్ని దొంగలంటే నేనొప్పుకోను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే పదికి పది మార్కులు వేసిన చదువు మనది. సొంతమాటల్లో రాసినవాడికి ఒక మార్కు తగ్గించడం తెలుగునాట బడికెళ్లిన ప్రతివాళ్లూ చూసిందే. అలాంటి పిల్లల్ని తమది కాని భాషలో, ఒకేసారి వెయ్యిమందిని, ఆ భారం మోయాల్సిన వాడుకరులను ముందుగా సంప్రదించకుండా దింపారు. తప్పు అక్కడుంది. మరుసటి ఏడాది కైరోలో ఇలాంటి ప్రయోగమే చేసినప్పుడు చిన్నగా మొదలుపెట్టి, విద్యార్థులతో సొంతభాష అరబ్బీలోనే రాయించారు.

చేరిన ప్రతి పేరానూ, అది పాత వ్యాసంలో చేరినా సరే, చూసే సాధనం కావాలన్న పట్టుదల వైద్య వ్యాసాలు రాసేవాళ్లలో ఎక్కువగా ఉండేది. కెనడాలో అత్యవసర వైద్యుడైన జేమ్స్ హీల్‌మన్ అందులో ముందున్నారు. టర్నిటిన్ సంస్థ కాపీని పట్టే తన ఐథెంటికేట్ సాధనాన్ని వాడుకోవడానికి ఉచితంగా అనుమతినిచ్చింది. ఒక వాడుకరి రాసిన బాటు కొత్తగా చేరిన పాఠ్యాన్ని దానికి పంపి పోలికలు తెప్పించేది. 2016లో ఫౌండేషన్ సాంకేతిక బృందం దానిమీద కాపీపెట్రోల్ అనే పనిబల్ల కట్టింది. అనుమానించిన మార్పులు అక్కడ వరసగా కనిపిస్తాయి. ఎడమపక్క వ్యాసం, కుడిపక్క మూలం పెట్టి, కలిసిన మాటలకు రంగు పూసి, పోలిక ఎంత శాతమో చూపే సాధనం ఇంకొకటి ఉంది.

ఎంత శాతం చూపినా ఎవరు ఎవరి నుంచి ఎత్తారో యంత్రం చెప్పలేదు. 2012లో హీల్‌మన్ కంటపడిన సంగతే చూడండి. ఢిల్లీకి చెందిన జేపీ బ్రదర్స్ వేసిన పిల్లల దంతవైద్యం పుస్తకంలో హెచ్.ఐ.వి. మీద పొడుగాటి భాగం వికీపీడియా వ్యాసంతో అక్షరం పొల్లుపోకుండా కలిసింది. కాపీ కొట్టింది పుస్తకం! ప్రచురణకర్తలు దాన్ని వెనక్కి తీసుకున్నారు. అందుకే ఎవరో ఒకరు కూర్చుని మార్పుల చరిత్ర తిరగేసి, ఏ వాక్యం ఏ తేదీన చేరిందో చూసి తీర్పు చెప్పాలి.

తప్పు తేలితే మొదట పేరా పోతుంది, పాత కూర్పుల్లో కూడా కనబడకుండా దాచేస్తారు. వాడుకరి చర్చ పేజీలో హెచ్చరిక పడుతుంది. మానకపోతే ఇక రాయకుండా ఖాతాకు నిరోధం. అలవాటుగా చేశాడని తేలితే ఆయన చేర్చినవన్నీ జాబితా వేసి ఒక్కొక్కటే పరిశీలిస్తారు. 2009లో మొదలైన ఈ పద్ధతిలో కొన్ని విచారణలు ఏళ్లకేళ్లు నడుస్తున్నాయి. నిరోధం ఎత్తేయమని అడిగితే క్షమాపణ ఒక్కటీ చాలదు. కాపీరైట్ అంటే ఏమిటో, ఇకముందు మూలాన్ని ఎలా వాడతావో సొంతమాటల్లో చెప్పమంటారు. ఇలా అడగడం నాకు చాలా నచ్చింది. పుణే పిల్లల్ని ఈ ప్రశ్న మొదటిరోజే అడిగి ఉండాల్సింది.

తెలుగులో మాత్రం ఈ యంత్రాలకు పెద్ద అడ్డంకి ఉంది. దశాబ్దాలపాటు మన పుస్తకాలు, పత్రికలు అను వంటి ఫాంట్లలో తయారయ్యాయి. అవి యూనికోడ్ కావు, వెతికితే దొరకవు. పాత పుస్తకంలోంచి ఒక అధ్యాయం టైపు చేసి తెలుగు వికీలో పెడితే ఏ బాటూ పట్టలేదు, ఆ పుస్తకం చదివినవాళ్లు గుర్తుపడితే తప్ప. ప్రచురణకర్తల దగ్గర పడి ఉన్న పాత డీటీపీ ఫైళ్లను యూనికోడ్‌లోకి తెచ్చి, వెతకడానికి వీలుగా ఉంచితే పోల్చడానికి సరుకు దొరుకుతుంది. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఇప్పటికే ఉన్నాయి.